భవతోష్‌దా మంకీ క్యాప్

మా భవతోష్‌దాకి, అంటే భవతోష్ అన్నకి, పామంటే భయం లేదు, పోలీసంటే భయం లేదు. చెవిలో చలిగాలి దూరుతుందంటే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. దుర్గాపూజ పందిళ్ళు విప్పిన మర్నాటి నుంచే ఆయన నెత్తిమీదికి ముదురాకుపచ్చ మంకీ క్యాప్ ఎక్కుతుంది. బౌది, అంటే మా వదిన, ఆయన భార్య, స్వయంగా అల్లింది. పైన ఒక కుచ్చు కూడా ఉంది. మళ్ళీ దోల్ పండక్కి, అంటే హోలీకి, రంగులు చల్లుకునేదాకా ఆయన ముఖంలో కళ్ళూ ముక్కూ మీసమూ తప్ప ఇంకేమీ కనిపించవు. భద్రేశ్వర్‌లో బెంగాలీలమంతా కాస్త అలాంటివాళ్ళమే, కానీ ఆయనకు పట్టింపు ఎక్కువ.

అలాంటి మనిషి చీకటి పడ్డాక పాడుబడ్డ భవనాల్లో దూరి ఫొటోలు తీస్తాడు. తోడు నేనూ, పల్టూ. పల్టూ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. నేను ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పే కేతకిని. కెమెరా కన్ను నిమిషాల తరబడి తెరిచి ఉంచి, మన కంటికి ఆనని వెలుతురును కొద్దికొద్దిగా పోగుచేయడం మా ముగ్గురి పిచ్చి. అంతసేపూ కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. కదిలితే చిత్రం అలుక్కుపోతుంది.

ఆ చలికాలం నాకు కావలసింది ఒకే ఒక్క ఫొటో. గంగ ఒడ్డున మూతపడిన జనపనార మిల్లులో గోనెసంచులు కుట్టే షెడ్డు ఉంది. మా అమ్మ పెళ్ళయిన ఏడు నుంచి చూపు మందగించేదాకా అక్కడే ఆఖరి వరసలో కూర్చుని సంచులు కుట్టింది. పని ఆలస్యమైన సాయంత్రాల్లో కరెంటు పోతే పైకప్పు అద్దాల్లోంచి వెన్నెల పడేదట. "నేలమీద ఎవరో పాలు ఒలకబోసినట్టుండేదే" అనేది. అమ్మ పోయి రెండేళ్ళయింది. మిల్లులోకి కెమెరా రానిచ్చేవాళ్ళు కాదు కాబట్టి ఆ వెన్నెలను ఎవరూ పట్టుకోలేదు. ఇప్పుడేమో సరస్వతీ పూజ అవగానే షెడ్డు కూల్చేస్తారని కబురు వచ్చింది. ఈలోగా మిగిలింది ఒకే పున్నమి.

మిల్లులో దూరడం కష్టం కాదు. కాపలావాడి కూతురి పెళ్ళి వీడియో తీసింది మా పల్టూనే, అందుకని నది వైపు గోడకున్న కన్నం ఆయన కళ్ళకు కనబడదు. కష్టమల్లా సామాను ఎంచుకోవడం. భవతోష్‌దా అరుగుమీద, మట్టి కప్పుల్లో టీ చల్లారిపోతుండగా, ఆ చర్చ ఎన్ని సాయంత్రాలు సాగిందో నాకే గుర్తులేదు.

"పాత డిజిటల్ కెమెరానే తీసుకెళదాం. బరువుంటుంది, గాలికి కదలదు" అన్నాడు భవతోష్‌దా.

"అది కెమెరా కాదు దాదా, ఇనప్పెట్టె. కన్నంలోంచి నువ్వు దూరడమే గొప్ప, దాన్నెట్లా దూరుస్తావు?" అన్నాడు పల్టూ.

"కొత్తదాని బ్యాటరీ చలికి నిలవదురా."

"దానికీ ఒక టోపీ తొడిగితే సరి."

"టోపీ జోలికి రాకు. న్యుమోనియా వచ్చినప్పుడు తెలుస్తుంది నీకు."

కెమెరా సంగతి తేలకుండానే స్టాండు దగ్గరికి వచ్చారు. భవతోష్‌దా దగ్గర మూడున్నాయి. ఏది తేలికో తేల్చడానికి ఆ మహానుభావుడు మూడింటినీ చంకన పెట్టుకుని చేపల బజారుకెళ్ళి, జాలర్లు సరుకు తూచే త్రాసులో తూయించుకొచ్చాడు. తేలికైనది తేలింది. కానీ దాని కాళ్ళకు రొయ్యల వాసన పట్టుకుని వారంపాటు వదల్లేదు. సందులో పిల్లులన్నీ ఆయన వెనకే తిరిగేవి. బౌది స్టాండును వేడినీళ్ళు పోసి తోమింది, మొగుణ్ణీ కడిగేసింది.

లెన్సు గురించి మొదలుపెట్టేసరికి నాకు ఒళ్ళు మండింది. "మీరిద్దరూ ఇట్లాగే కూర్చోండి. మిల్లు కూలాక ఇటుకల కుప్పను ఏ లెన్సుతో తీయాలో తేల్చుకోవచ్చు. ఒక కెమెరా, ఒక లెన్సు, ఒక స్టాండు. ఇంకేదైనా సంచిలో కనబడిందంటే గంగలో పడేస్తాను" అన్నాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. కొత్త కెమెరా తీసుకెళ్ళాలని తేలింది. భవతోష్‌దా దాన్ని స్టాండుకి బిగించి, తీసి, మళ్ళీ బిగించి సరిచూసుకున్నాడు.

పున్నమినాడు పొద్దుగూకాక బయల్దేరుతుంటే గుమ్మంలో బౌది అడ్డం నిలబడింది. ఫ్లాస్కు నిండా టీ, చనాచూర్ అనే మిక్చరు డబ్బా, చిన్నపిల్ల ఎత్తున మరమరాల సంచీ నా చేతికిచ్చింది. మొగుడివైపు తిరిగి, "టోపీ తీయనని నామీద ఒట్టెయ్యండి" అంది.

"ఒట్టు" అన్నాడు భవతోష్‌దా, దేవుడి ముందు నిలబడ్డంత శ్రద్ధగా.

అదే గుమ్మంలో పల్టూ నోరు ఊరుకోక, "చలి గట్టిగానే ఉంది, బ్యాటరీ నిలుస్తుందంటావా దాదా?" అన్నాడు. అంతే. భవతోష్‌దా లోపలికి పరుగెత్తి కొత్తది పెట్టేసి పాతది సంచిలో వేసుకొచ్చాడు. ఏదో ఒకటి, కదిలితే చాలనుకుని నేనూ ఊరుకున్నాను.

కన్నంలోంచి పల్టూ ఆయన్ని లాగాడు, నేను తోశాను. షెడ్డులో పాత నూనె వాసన, పావురాల రెట్టల వాసన. సంచులు కుట్టే బల్లలు వరసలుగా అలాగే ఉన్నాయి. వెన్నెల అప్పటికే మూడో వరస దాటింది. ఆఖరి వరసకు చేరేలోగా నదిమీంచి మంచు కమ్ముకోకపోతే చాలు.

"స్టాండు వెయ్యి భవతోష్‌దా, త్వరగా" అన్నాను.

స్టాండు వేశాడు. కెమెరా పైన పెట్టాడు. అది జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. టార్చి వేసి అడుగున చూశాడు.

"బిళ్ళ" అన్నాడు నీరసంగా.

కెమెరా అడుగున బిగించే చిన్న బిళ్ళ ఉంటుంది. అది స్టాండు తలలో కూర్చుంటేనే కెమెరా నిలుస్తుంది. ఆ బిళ్ళ ఇంట్లో, వద్దనుకున్న కొత్త కెమెరా అడుగున భద్రంగా ఉంది. ఇన్ని వారాలు కొట్టుకు చచ్చి చివరికి గుమ్మంలో మార్చుకొచ్చిన కెమెరా, చేపల త్రాసులో నెగ్గిన స్టాండు, రెండూ ఎదురుగా ఉన్నాయి. ఒకదాని ముఖం ఒకటి చూడవు.

"సంచిలో ఇంకేం తెచ్చావు?" అన్నాను.

భవతోష్‌దా తల దించుకుని మూడు లెన్సులు, నాలుగు బ్యాటరీలు, రెండు టార్చీలు, అజీర్తి మాత్రలు ఒక్కొక్కటే బయటపెట్టాడు. నేను గంగలో పడేస్తానన్నవన్నీ ఉన్నాయి. బిళ్ళ ఒక్కటే లేదు.

ఇటుకల మీద పెడితే కెమెరా ఒరిగింది. నా శాలువా మడిచి పెడితే కుంగింది. పల్టూ మరమరాల సంచీమీద పెట్టి నొక్కాడు. ఆశ్చర్యం, మరమరాలు సర్దుకుని కెమెరాను చక్కగా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాయి. కానీ ప్లాస్టిక్ సంచీ జారుడుబండలా ఉంది, చేయి తీయగానే జారిపోతోంది.

"జారని గుడ్డ సంచీ ఏదైనా ఉంటేనా! కాస్త సాగేది, ఉన్నిది..." అన్నాడు పల్టూ.

ఇద్దరం ఒకేసారి ఆయన నెత్తివైపు చూశాం.

"అట్లా చూడకండి" అన్నాడు భవతోష్‌దా.

వెన్నెల ఇంకో వరస జరిగింది. ఆయన ఒకసారి పైకప్పు కంతలోంచి చంద్రుణ్ణి చూశాడు, ఒకసారి ఆఖరి వరసను చూశాడు.

"మీ అమ్మ ఎక్కడ కూర్చునేది?"

"ఆ స్తంభం పక్కన" అన్నాను.

"అటు తిరగండి ఇద్దరూ" అన్నాడు, బట్టలు మార్చుకునే మనిషిలా.

టోపీ నిండా మరమరాలు పోసి, మెడ దగ్గర మఫ్లరుతో బిగించాం. ముఖముండే కంతలో కెమెరాను కూర్చోబెట్టాం. అచ్చం భవతోష్‌దాలాగే ఉంది, మీసం ఒక్కటే తక్కువ. గాలి తగలని చోటు వెతుక్కుంటూ భవతోష్‌దా చీకట్లోకి జరిగాడు. కెమెరాకు తీగతో తగిలించిన మీట నొక్కి, "ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోండి. ఈ చెక్కనేల మీద అడుగు వేశారంటే కెమెరా ఊగుతుంది" అన్నాను.

నాలుగు నిమిషాలు. మరమరాలు మెల్లిగా చిటపటలాడాయి. పల్టూ కడుపు గుర్రుమంది. చీకట్లో ఎక్కడో భవతోష్‌దా తుమ్ము ఆపుకుంటూ మూలిగిన మూలుగు వింటే నాకే జాలేసింది. మీట వదిలాక ఆయన తుమ్మిన తుమ్ములకు షెడ్డులో పావురాలన్నీ లేచిపోయాయి. ఆ వెనకే మంచూ వచ్చేసింది. రెండో ఫొటోకి అవకాశమే లేదు.

కెమెరా వెనక చిన్న తెరమీద చూశాను. ఆఖరి వరస పొడుగునా నేలమీద పాలు ఒలికాయి. అమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది. ఆ దుమ్ములో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. పల్టూ ఏం చేయాలో తెలియక చనాచూర్ డబ్బా నాముందు పెట్టాడు.

ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే గానీ తెలియలేదు, అంచున స్తంభం పక్కన భవతోష్‌దా ఉన్నాడు. చీకట్లో ఆయన నిలబడ్డది అమ్మ చోటు దగ్గరే. రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడ్డాడు. చలికే, నాకు తెలుసు. కానీ చూస్తే మిల్లు ఇంకా నడుస్తున్నట్టు, ఆ రొద భరించలేక చెవులు మూసుకున్నట్టు ఉంది. పని నుంచి వచ్చాక అమ్మ అట్లాగే చెవులు పట్టుకుని కాసేపు కూర్చునేది.

"ఆ అంచు కత్తిరించెయ్యి కేతకీ, నీకు పుణ్యముంటుంది. మీ బౌదికి దుమ్ము పడక జలుబు చేసిందని చెప్పాను" అని బతిమాలాడు భవతోష్‌దా.

"కత్తిరించను. అమ్మ పక్కన నిలబడ్డ మనిషిని నేనెట్లా కత్తిరిస్తాను?" అన్నాను.

షెడ్డు కూలిన వారంలో ఫ్రేము కట్టించి బౌదికి చూపించాను. అమ్మ సంగతి చెప్పాను. బౌది దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. "వెన్నెల బాగుంది" అంది. తరవాత అంచుమీద వేలుపెట్టి, "ఈ బట్టతల ఎవరిదో!" అంది. భవతోష్‌దా అజీర్తి మాత్ర వెతుక్కునే పనిమీద లోపలికి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకు బౌది మా ఇంటికొచ్చింది. చేతిలో కొత్త మంకీ క్యాపులు రెండు. ఒకటి పెద్దది, కుచ్చుతో. ఒకటి చిన్నది, కింద మరమరాలు పోసి బిగించడానికి తాడుతో సహా.

"ఇది ఆయన నెత్తికి, ఇది నీ కెమెరాకి" అంది. "ఇంకోసారి దీనికోసం దాన్ని విప్పించావో, ముగ్గురికీ మెతుకు పెట్టను."