తెర వెనక గొంతు

ముందు గొంతు వస్తుంది.

వానకంటే ముందు మట్టివాసన వచ్చినట్టు — దీపాలు వెలగకముందే, సంగీతం మొదలవకముందే, చీకట్లోంచి ఆ గొంతు.

"రండి... రండి... అదృష్టం మీకోసమే ఎదురుచూస్తోంది!"

హాలంతా ఊపిరి బిగపట్టేది.

టీవీలో ఆ ఆటల కార్యక్రమం మొదలైననాటి నుంచీ గొంతు ఆయనదే. పోటీకి వచ్చినవాళ్లని పిలిచేది ఆయనే. గెలిచిన ఫ్రిజ్జుని పట్టపుటేనుగులా పొగిడేది ఆయనే. ఓడినవాళ్లని నొప్పి తెలియకుండా సాగనంపేదీ ఆయనే. కూర్చునేది మాత్రం నల్లతెర వెనక. చిన్న బల్ల, మైకు, గ్లాసుడు మంచినీళ్లు.

మొహం ఎవరికీ తెలియదు.

కూరగాయల కొట్లో "అరకిలో టమాటాలు" అంటే చాలు — జనం గిరుక్కున తిరిగేవారు. ఆయన్ని దాటి, ఆయన వెనక ఎవరున్నారా అని వెతికేవారు.

ఒకసారి ఆయనా వెనక్కి తిరిగి చూశాడు.

ఒక ఏడు కొత్త నిర్మాత వచ్చాడు. "ఇంత గొంతుని దాచేస్తారేంటండీ? ఈ వారం మీరు జనం ముందుకి రావాల్సిందే."

కోటు కుట్టించారు. మొహానికి రంగు పూశారు. ఆయన వెలుగులోకి నడిచాడు — పొట్టిగా, బట్టతలతో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"రండి..."

ముందు వరసలో ఎవరో నవ్వారు. చినుకు పడ్డట్టు ఒక నవ్వు. ఆ పక్కన ఇంకొకటి. తర్వాత జోరున.

ఎగతాళి కాదు. నిజంగానే నవ్వొచ్చింది వాళ్లకి... అదే ఎక్కువ నొప్పి.

మర్నాడంతా స్టూడియోకి ఫోన్లు. ఆ గొంతు మనిషేడీ? ఈయనెవరు?

నిర్మాత నేలచూపులు చూశాడు. "జనం ఇంకేదో ఊహించుకున్నారండీ... మళ్లీ తెర వెనక్కే..."

"అలాగేనండీ."

గొంతు వణకలేదు. అది ఎప్పుడు వణికింది కనక!

ఇంటికొచ్చాక మాత్రం అద్దాన్ని గోడవైపు తిప్పేశాడు. కాలరుకి అంటిన రంగు రుద్దుతున్న భార్య ఇక ఉండబట్టలేకపోయింది.

"మొదటిసారి కలిసినప్పుడు మీరసలు నోరు విప్పారా? బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డారు. నాకు నచ్చింది ఈ మొహమేనండీ. గొంతొకటుందని తర్వాత తెలిసింది."

ఆయన నవ్వబోయాడు. నవ్వు పెదాలదాకా రాలేదు... కళ్లలోంచి దిగింది.

ఆమె చొక్కా వదిలేసి, తడిచేత్తోనే ఆయన చెంప తుడిచింది.

మరుసటి వారం మళ్లీ నల్లతెర వెనక. స్టూడియో అమ్మాయి తెర పూర్తిగా లాగబోయింది.

"కాస్త తీసి ఉంచమ్మా."

"కనిపిస్తారేమోనండీ!"

"కనిపించనీ."

జానెడు సందు. అందులోంచి జానెడు వెలుతురు — మబ్బు విడిచిన ఎండలా, ఆయన మోకాళ్ల మీద.

అవతల ముందు వరసలో ఒక ముసలావిడ ఇటే చూస్తోంది. ఆయన్నో... తెర సరిగ్గా వేయలేదనో...

ఆయన ఆవిడ వైపే చూస్తూ, గుండెల నిండా గాలి పీల్చుకుని, నోరు తెరిచాడు —