గంట మీది చెయ్యి

శేషయ్య అలారం గడియారానికి కీ తిప్పుతున్నాడు. రోజూ పొద్దున్నే మొహం కడుక్కోగానే చేసే మొదటి పని అది. కీ బిగుసుకునేదాకా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఆడుతున్నదని నమ్మకం కుదిరాకే కింద పెడతాడు. గడియారం నెత్తిన చిన్న గిన్నె బోర్లించినట్టు గంట ఉంది. పూతంతా తళతళలాడుతున్నా దాని నడినెత్తిన మాత్రం అరిగి ఇత్తడి బయటపడింది. శేషయ్య అరచెయ్యి అరగదీసిన చోటు అది.

నంద్యాల కాలేజీలో లెక్కల శేషయ్యంటే పిల్లకాయలకు హడలు. మనిషి పొట్టి, బట్టతల, మోచేతుల దగ్గర మాసికలు పడిన నల్లకోటు. పరీక్ష హాల్లో అందరి వెనకా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు గనుక ఎవరిని చూస్తున్నాడో ఎవరికీ తెలీదు. ముందు బల్ల మీద గడియారం పెట్టి, "గంట మోగేదాకా తలెత్తకూడదు, నోరు తెరవకూడదు" అని ఒక్కసారే చెబుతాడు. మూడు గంటలూ చీమ చిటుక్కుమనదు.

కానీ అసలు సంగతి చెప్పాలంటే, ఆ హాల్లో అందరికంటే పిరికివాడు ఆయనే. గంట గణగణమంటే ముందుగా ఆయన గుండే గుభేలుమంటుంది. అందుకని టైము దగ్గర పడగానే బల్ల దగ్గరికి వచ్చి, గంట మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టుకుంటాడు. అది చేతి కింద గుర్రుమని గింజుకుని ఊరుకుంటుంది. ఇన్నేళ్ళలో ఆ గంట అసలు గొంతు విన్న విద్యార్థి ఒక్కడూ లేడు.

ఆయనకు భయం లేనిదేదో చెప్పడం కష్టం. ప్రిన్సిపాలంటే భయం. ఇంటి తలుపు ఎవరు తట్టినా భయం. ఈమధ్య ఎడమ రెక్క కింద ఏదో పట్టేసినట్టు నొప్పి వస్తోంది, దాని పేరేమిటో డాక్టరు చెబుతాడేమోనని ఇంకా భయం.

లెక్కల పరీక్షల రూల్సన్నీ ఆయన రాసినవే. అవీ భయంతో రాసినవే. కర్నూలు రాజధాని అయిన యేడు, చుట్టుపక్కల పేరున్న పెద్దింటి పిల్లవాడొకడు సెలక్షన్ పరీక్షకు రాకుండా జాతరకు పోయాడు. ఆ సాయంత్రం నలుగురు మనుషులు శేషయ్య ఇంటి అరుగు మీద కర్రలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. "మా వానికి ఇంగోసారి పెట్టండి సార్" అని మర్యాదగానే అడిగారు. శేషయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడే పెట్టాడు.

ఆ తర్వాత వారంలోనే రూల్సు రాశాడు. నెలకొక పరీక్ష, నాలుగింటిలో తక్కువ వచ్చింది తీసేసి మిగతా మూడింటి సరాసరి. సెలక్షన్ పరీక్ష మాత్రం తీసేసేది కాదు. దానికి రానివాడికి సున్నా, అందులో పాసు కానివాడు యూనివర్సిటీ పరీక్షకు పోకూడదు. ఏ కారణం చెప్పినా రెండోసారి లేదు. జవాబు పుస్తకం మొదట్లో ఒక సంతకం, పరీక్ష అయ్యాక ఆఖరి పేజీ అడుగున ఒక సంతకం, రెండూ లేని కాగితం చెల్లదు. ప్రిన్సిపాలు చదివి కట్టుదిట్టంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. శేషయ్యకు కావలసింది కట్టుదిట్టం కాదు. ఎవరన్నా కర్రలతో వస్తే వెనక దాక్కోవడానికి ఒక గోడ.

ఆ గోడ ఈ యేడు కూడా పనికొచ్చింది. అదే పెద్దింటి రెండోవాడు పరీక్ష ఎగ్గొట్టాడు. మనుషులొచ్చారు. రూలు చూపించాడు. గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

వాడితో పాటు ఇంకొకడికి కూడా సున్నా పడింది. ఖాజా పీర్ అని, ఆళ్ళగడ్డలో గిన్నెలకు కళాయి వేసే అబ్దుల్ రహిమాన్ కొడుకు. దస్తూరి కోడి గెలికినట్టు ఉంటుంది గానీ లెక్క మాత్రం ఒక్క మెట్టు కూడా దాటేయకుండా చేస్తాడు. పరీక్షకు ముందు టైఫాయిడు వచ్చి మంచాన పడ్డాడు.

నిన్న అబ్దుల్ రహిమాన్ కాలేజీకి వచ్చాడు. గోళ్ళ నిండా మసి. వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాడు తప్ప గదిలోకి రాలేదు. బతిమాలలేదు కూడా.

"సున్నా అంటే సున్నానే గదా సార్. వాడు రోజూ అడుగుతాండాడు, ఏం చెప్పాలో కనుక్కోని పోదామని వచ్చినా."

"రూలు అట్ల ఉంది" అన్నాడు శేషయ్య.

"మంచిది సార్. లేచినంక కొలిమి తిత్తి కాడ కుచ్చోబెడ్తా. ఇంగో యేడు సదివించేది నా చేత గాదు."

అతను వెళ్ళిపోయాక శేషయ్య ప్రిన్సిపాలు గదికి పోయి, నీళ్ళు నములుతూ విషయం చెప్పాడు. ప్రిన్సిపాలు తల కూడా ఎత్తలేదు. "రూలు మీరు రాసిందే. మార్చుకుంటే మీరే మార్చుకోవాలి. సోమవారం పొద్దున జాబితా యూనివర్సిటీకి పోతుంది" అన్నాడు. ఎవరైనా వద్దంటే బాగుండుననుకుని పోయిన మనిషికి అది పిడుగుపాటే అయింది.

ఇప్పుడు ఆదివారం. శేషయ్య గడియారాన్ని తువ్వాలులో చుట్టి, ఒక ఖాళీ జవాబు పుస్తకంతో పాటు సంచిలో పెట్టుకున్నాడు. ప్రశ్నపత్రం కోటు లోపలి జేబులో ఉంది.

"యాడికి పోతాండారు, సెలవు పూట?" అంది భార్య ఉమామహేశ్వరమ్మ.

"ఆళ్ళగడ్డకు."

"గడియారం యాలా?"

"పరీక్ష."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "పొద్దున్నే ఏందీ చెమటలు? డాక్టరు కాడికి పోదామంటే వినరు."

"వచ్చినంక పోదాంలే" అన్నాడు. ఆ మాట ఆయన చాలాసార్లు అన్నదే.

బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గడియారం చప్పుడు మోకాళ్ళకు తెలుస్తోంది. శిరివెళ్ళలో తలపాగా చుట్టిన ఒక మనిషి ఎక్కి, కర్ర కాళ్ళ మధ్య పెట్టుకుని పక్కనే కూలబడ్డాడు. శేషయ్య సంచిని దగ్గరికి లాక్కున్నాడు. పెద్దింటి మనిషేనా? అరుగు మీద కూర్చున్న నలుగురిలో ఉన్నాడా?

"యాడికి సార్?"

"చుట్టాలింటికి. జబ్బుగా ఉంటే."

"సంచిలో ఏందో ఆడతాండాదే?"

"గడియారం. రిపేరు."

ఆ మనిషి తలాడించి నిద్రపోయాడు. పాపం, ఎవరో జొన్నలు అమ్ముకుని ఇంటికి పోతున్న రైతు. అయినా శేషయ్యకు దడ తగ్గలేదు. రేపు వాళ్ళకు తెలుస్తుంది. కళాయి సాయిబు కొడుక్కు పెట్టినావు, మా వానికేం తక్కువ అంటారు. ఈసారి చూపించడానికి రూలు ఉండదు. తన గోడ తానే పడగొట్టుకుంటున్నాడు. తిరుగు బస్సెక్కి ఇంటికి పోదామా అని ఆళ్ళగడ్డలో దిగి కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు. వరండాలో మసిగోళ్ళ మనిషి "మంచిది సార్" అన్న తీరే గుర్తుకొచ్చింది. తిట్టి ఉంటే పోయేవాడు కాదు. ఎదురైన మనిషిని ఆపి కళాయి రహిమాన్ ఇల్లెక్కడని అడిగాడు.

ఇంటి ముందు నల్లబడిన గుంట, తోలు తిత్తి, బోర్లించిన ఇత్తడి గిన్నెలు. ఆయన్ను చూసి అబ్దుల్ రహిమాన్ లేచి నిలబడ్డాడు. భార్య సైదాబీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. సందు మలుపు నుంచి నడిచినంతలోనే శేషయ్యకు నొప్పి మళ్ళీ మొదలైంది. నీళ్ళు తాగాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

లోపల నులకమంచం మీద ఖాజా పీర్ గోడకు ఆనుకుని ఉన్నాడు. జ్వరం పోయింది గానీ మనిషి పుల్లలా అయిపోయాడు. అయివారిని చూసి దిగబోయాడు.

"దిగొద్దు. రాయగలవా?"

"రాస్తా సార్."

మోకాళ్ళ మీద పలక లాంటి చెక్క పెట్టారు. శేషయ్య గడియారాన్ని ఎదుటి ట్రంకుపెట్టె మీద పెట్టి అలారం ముల్లు మూడు గంటలు ముందుకు తిప్పాడు. జవాబు పుస్తకం మొదట్లో సంతకం చేశాడు. అప్పుడు నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. చెయ్యి బరువెక్కింది. ఆయనకు భయం పుట్టింది, ఇన్నాళ్ళూ పుట్టిన భయాల్లాంటిది కాదు. ఇప్పుడు తనకేమన్నా అయితే? ఆఖరి సంతకం ఉండదు. కాగితం చెల్లదు. వీడు అంత ఓపిక చేసుకుని రాసిందంతా తన రూలుతోనే గంగలో కలిసిపోతుంది.

ఇన్నేళ్ళలో ఆయన ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఎరగడు. చుట్టూ చూశాడు, దొంగతనానికి వచ్చినవాడిలాగ. ఆఖరి పేజీ తిప్పి, అడుగున ఆదరాబాదరా సంతకం చేసి, పుస్తకం మూసి ప్రశ్నపత్రంతో పాటు అందించాడు.

"గంట మోగేదాకా తలెత్తకూడదు, నోరు తెరవకూడదు" అన్నాడు. గుమ్మం వైపు తిరిగి, "మీరు కూడా" అన్నాడు.

మంచానికి వెనకగా గోడవార ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఖాజా పీర్ కలం కాగితం మీద గీరుతోంది. రేపు వాళ్ళు వస్తారు. అరుగు మీద కూర్చుంటారు. ఏం చెప్పాలి? అవునప్పా, పెట్టినా, అని చెప్పాలి. ఆ మాట మనసులో అనుకుని చూసుకున్నాడు. అనుకోవడానికే గుండె దడదడలాడింది. మళ్ళీ అనుకున్నాడు. కలం చప్పుడు వింటూ తల గోడకు ఆనించాడు.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అబ్దుల్ రహిమాన్ తిత్తి ముట్టలేదు. సైదాబీ ఒకసారి పరదా తొలగించి చూసి, పెద్దాయన అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుంది. కోడిపెట్ట లోపలికి రాబోతే కొంగుతో విసిరి తరిమింది. ఖాజా పీర్ వెనక్కి తిరగలేదు. తిరగకూడదని అయివారు చెప్పాడు.

చివరి లెక్క ఒక కొలిక్కి వస్తుండగా గంటల ముల్లు అలారం ముల్లును కలిసింది. ఇప్పుడు అయివారు లేచి వస్తాడని, గంట మీద చెయ్యి పడుతుందని ఖాజా పీర్ తల వంచుకునే ఎదురుచూశాడు. చెయ్యి పడలేదు. గంట గణగణమని ఇల్లంతా అదిరేట్టు మోగింది. ఖాజా పీర్ ఉలిక్కిపడ్డాడు. బయట అబ్దుల్ రహిమాన్ లేచాడు. ముక్కాలిపీట మీది మనిషి ఒక్కడే ఉలిక్కిపడలేదు.

ఆ మధ్యాహ్నమే వేరుశనక్కాయల లారీలో ఆయన్ను నంద్యాలకు తీసుకుపోయారు. జవాబు పుస్తకాన్ని అబ్దుల్ రహిమాన్ కడుపుకు కట్టుకుని తెచ్చి, సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాలు చేతికిచ్చాడు. ప్రిన్సిపాలు మొదటి సంతకం చూశాడు. ఆఖరి పేజీ తిప్పి, అడుగున వంకరపోయిన రెండో సంతకాన్ని చాలాసేపు చూశాడు. లెక్కలు చెప్పే ఇంకో లెక్చరరు నారాయణను పిలిచి దిద్దమన్నాడు. ఖాజా పీర్ పేరు జాబితాలో చేరి యూనివర్సిటీకి పోయింది.

పెద్దింటివాళ్ళు ఎవరూ రాలేదు. వచ్చినా అడగడానికి అరుగు వెనక ఇంట్లో ఆ మనిషి లేడు.

కర్మలన్నీ అయ్యాక అబ్దుల్ రహిమాన్ గడియారాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ఉమామహేశ్వరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, గంట మీద అరిగిన చోట వేలు పెట్టి చూసి, తిరిగి ఇచ్చేసింది. "ఆయన పెట్టిపోయిన కాడనే ఉండనీ అప్పా" అంది.

ఇప్పుడది ఆళ్ళగడ్డలో ఆ ట్రంకుపెట్టె మీదే ఉంది. పొద్దున్నే సైదాబీ కీ ఇస్తుంది. ఊళ్ళో ఏ గిన్నె మెరుగు పోయినా తెల్లగా తళతళలాడేట్టు కళాయి వేసే అబ్దుల్ రహిమాన్, గడియారాన్ని ఏడాదికోసారి చింతపండుతో తోమి తుడిచి పెడతాడు గానీ, గంట నడినెత్తిన అరచెయ్యి అరగదీసిన ఆ ఇత్తడి మచ్చ మీద మాత్రం పూత వెయ్యలేదు.