గట్టిగా పాడించే టీచరు

ఆ వీధిలో అందరూ ఆమెను మైకు టీచరు అంటారు. ఆమె దగ్గర మైకు ఉండి కాదు, దాని అవసరం లేక. మూడో అంతస్తులో ఆమె పాఠం మొదలైతే కింద దుకాణంలో టైలరు రేడియో కట్టేస్తాడు. కట్టకపోయినా వినబడేదేమీ ఉండదు. ముప్పై రెండేళ్లుగా ఆమె పాఠమంతా మూడు ముక్కల్లోనే ఉంది: నిటారుగా నిలబడు, కడుపు బిగించు, గొంతు విప్పు. వెనక వరుసలో కూర్చున్న ముసలాయనకు వినబడకపోతే అది పాట కాదు, గొణుగుడు. హాల్లో ముసలాయనే లేకపోతే ఏం చేయాలని ఎవరైనా అడిగితే, ఉన్నాడనుకుని పాడమనేది.

గురువారం సాయంత్రం ఆమె మేనకోడలు పై స్వరం దగ్గర ఆగిపోయింది. మరిచిపోయి ఆగడం కాదు. నోరు తెరిచే ఉంది, ఊపిరి వస్తూనే ఉంది, స్వరం మాత్రం రాలేదు. తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు ఉస్సుమని ఏదో వచ్చింది.

"ఏమైంది?" అంది టీచరు కీబోర్డు మీద నుంచి చేతులు తీయకుండానే.

"ఏం లేదత్తా. మళ్లీ పాడతా."

"కడుపు వదిలేశావు. బిగించు. ఇంకా గట్టిగా."

మళ్లీ పాడింది. ఈసారి స్వరం వచ్చింది గానీ మధ్యలో చీలింది. ఆ చీలిక టీచరు చెవి దాటిపోలేదు. పైకి మాత్రం, "పరీక్ష భయం. సోమవారానికి అదే సర్దుకుంటుంది" అంది. ఆ మాట పిల్లకు చెప్పిందో తనకు చెప్పుకుందో ఆమెకే తెలియాలి.

సోమవారం సంగీత కళాశాలలో ప్రవేశ పరీక్ష. వందల మందిలో ఎనిమిది మందినే తీసుకుంటారు. పిల్లకు పందొమ్మిది నిండాయి, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. పదేళ్లప్పుడు తమ్ముడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పజెప్పిన నాటి నుంచి, తొమ్మిదేళ్లుగా ఆ గొంతు మీదే టీచరు తన ఆశలన్నీ పెట్టుకుంది. సొంత పిల్లలు లేరు. ఉన్నా ఇంత ముద్దు చేసేది కాదని తమ్ముడి భార్య అంటూ ఉంటుంది. ఇంతగా తిట్టేది కూడా కాదని పిల్ల అంటూ ఉంటుంది.

ఇంటికి చేరేసరికి తమ్ముడి ఫోను.

"అక్కా, నువ్వు కంగారు పడకు" అని మొదలుపెట్టాడు. అలా మొదలయ్యే ఏ మాటకైనా కంగారు పడాల్సిందేనని ఆమెకు తెలుసు. "పొద్దున దాన్ని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నెల నుంచి నిద్ర లేచేసరికి మాట రావట్లేదు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఆయన ముక్కులోంచి సన్న గొట్టం పెట్టి చూశాడు. స్వరతంత్రుల మీద వాపు ఉందట. ఇలాగే సాగితే కాయలు కడతాయట. అప్పుడిక పాటకు దండం పెట్టుకోవడమే అన్నాడు."

"సోమవారం మాటేమిటి?"

"జాగ్రత్తగా ఉంటే పాడొచ్చట. గొంతు కసరత్తులు నేర్పే ఆవిడ ఒకరున్నారు, ఆవిడ చెప్పినట్టు చెయ్యమన్నాడు." తమ్ముడు గొంతు తగ్గించాడు. "ఈ పిల్లకు పాట ఎవరు నేర్పుతున్నారని కూడా అడిగాడక్కా."

"ఏం చెప్పావు?"

"ఏం చెప్తాను? మా అక్కయ్య అని చెప్పాను. గర్వంగానే చెప్పాను."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. తమ్ముడు ఎత్తిపొడిచి ఉంటే ఎదురు తిట్టి తేలికపడేది. వాడికి ఆ తెలివి ఎప్పుడూ లేదు.

కసరత్తుల ఆవిడ ఎవరో టీచరుకు బాగా తెలుసు. రెండు వీధుల అవతల బోర్డు పెట్టి మూడేళ్లయింది. పిల్లల చేత గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఊదిస్తుందట. ఆ సంగతి విన్నరోజు టీచరు కడుపుబ్బ నవ్వి, ఆవిడకు స్ట్రా మేడమ్ అని పేరు పెట్టింది. బుడగలు ఊదితే పాట వచ్చేటట్టయితే చేపలన్నీ విద్వాంసులే కదా అనేది. ఆ స్ట్రా మేడమ్ దగ్గరికి శుక్రవారం పొద్దున తనే బయలుదేరింది. తప్పు పట్టడానికే వెళ్తున్నానని మెట్లు దిగుతూ గట్టిగా అనుకుంది. మెట్టు మెట్టుకూ మాత్రం ఆగింది. ఆ బుడగల మనిషి చెప్పేది నిజమైతే, తొమ్మిదేళ్లుగా మేనకోడలి గొంతును తన చేతులతో తనే నలిపేసినట్టు.

అక్కడ వరండాలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నీళ్ల కూజా, తెల్ల రంగు తలుపు ఉన్నాయి. చీటీ రాసే అమ్మాయితో, "బస్సు కండక్టరుగా చేశానమ్మా. అరిచి అరిచి గొంతు పోయింది" అని చెప్పి ఓ కుర్చీలో కూర్చుంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, చెవులు ఎర్రబడ్డాయి.

తలుపు అవతల ఎవరో పాడుతున్నారు. చిన్నగా, తేలికగా పాడుతున్నారు. ఆ గొంతు కింది స్వరం నుంచి పై స్వరానికి మెట్లెక్కినట్టు కాక, నడుచుకుంటూ వచ్చినట్టు వచ్చింది. ఎక్కడా బిగువు లేదు, ఎక్కడా తోపు లేదు, అయినా ఒక్క అక్షరం జారలేదు. టీచరుకు ఒళ్లు ఝల్లుమంది. ఎవరి పిల్లో, కన్నవాళ్లు అదృష్టవంతులు అనుకుంది. సోమవారం ఈ పిల్ల కూడా వస్తుందేమో, వస్తే మనదానికి కష్టమే అని కూడా అనుకుంది. ఉన్నమాట చెప్పుకోవాలి, కాస్త కుళ్లుకుంది.

అంతలో పాట ఆగి, లోపల నవ్వు వినబడింది. ముక్కుతో మొదలై ఎక్కిళ్లలోకి దిగే నవ్వు. ప్రపంచంలో అలా నవ్వే మనిషి ఒక్కతే ఉంది.

దొంగకు తేలు కుట్టినట్టు టీచరు లేచి, కనబడిన మొదటి తలుపు తోసుకుని బాత్రూంలో దూరింది. గడియ పెట్టుకుని గోడకు ఆనుకుంది. మేనకోడలి చెప్పుల చప్పుడు వరండా దాటి, మెట్లు దిగి, వీధిలో కలిసేదాకా ఊపిరి బిగబట్టింది. తొమ్మిదేళ్లు తన ముందు కూర్చోబెట్టుకుని పాడించిన గొంతును తను గుర్తుపట్టలేదు. ఏడుపు వచ్చింది. కుళాయి తిప్పి ఏడ్చింది.

స్ట్రా మేడమ్ నలభై దాటని సన్నటి మనిషి. సగం నీళ్లున్న గ్లాసు చేతికిచ్చి, "స్ట్రా పెట్టి ఊ అంటూ ఊదండి. బుడగలు ఆగకూడదు, అంతే" అంది. టీచరు ఊదింది. నీళ్లు చిమ్మి ఎదుటామె చీర తడిసింది.

"అంత బలం వద్దండీ. నీళ్లతో గొడవేం లేదు మనకి."

మళ్లీ ఊదింది. ఈసారి బుడగలు కుదురుగా వచ్చాయి. గొంతులో ఏళ్లుగా ఉన్న ముడి, ఉందని కూడా మరిచిపోయిన ముడి, కొద్దిగా వదులైనట్టనిపించింది. ఆ హాయికే ఆమెకు భయం వేసింది.

"మీరు కండక్టరు కాదు" అంది స్ట్రా మేడమ్ మెల్లగా. "కండక్టర్లు ఇంత శ్రుతిలో ఊదరు. పాడే మనిషి మీరు. ఎవరు నేర్పారో గానీ తోసి పాడటం నేర్పారు."

"మా గురువుగారు కొట్టి నేర్పారు" అని ఊరుకుంది టీచరు. తన అసలు ఊరూ పేరూ ఆవిడ అడగలేదు.

"ఇందాక వెళ్లిన అమ్మాయిదీ ఇదే తంతు. ఇక్కడ పొద్దున సరిచేసి పంపిస్తాను. సాయంత్రం వాళ్ల టీచరు దగ్గరికెళ్లి మళ్లీ పాడుచేసుకొస్తుంది. ఇంట్లో కూడా చెప్పకుండా వస్తోంది, రెండు నెలలుగా ఇదే వరస. ఆవిడ దగ్గర మానెయ్యమ్మా అంటే, ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుంది అంటుంది. ఒక మాట అననివ్వదు ఆవిణ్ణి." స్ట్రా మేడమ్ చీర దులుపుకుంది. "నిజం చెప్పాలంటే నాకూ తిట్టాలని లేదు. గొంతు బాగుచెయ్యడం వరకే నా పని. ఆ పిల్ల మాటని పలికే తీరు ఉంది చూడండీ, అది నేను నేర్పలేను. అది ఆవిడ పెట్టిన భిక్షే. ఆ గట్టిగా పాడించడమొక్కటి మానితే చాలు."

టీచరు మింగలేక కక్కలేక కూర్చుంది. మెచ్చుకుందని పొంగాలో, పట్టుబడ్డానని కుంగాలో తెలియలేదు. వచ్చేటప్పుడు నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయింది.

నాలుగింటికి మేనకోడలు రోజూలాగే వచ్చింది. నిటారుగా నిలబడింది, కడుపు బిగించింది, గొంతు విప్పబోయింది.

"అలా కాదు" అంది టీచరు. "పొద్దున పాడావు చూడు, అలా పాడు."

పిల్ల ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "పొద్దునా?"

"ఆవిడ వరండాలో కూర్చుని విన్నాను. నీ నవ్వు వినబడగానే బాత్రూంలో దాక్కున్నాను."

"అత్తా, నేను చెప్దామనే..."

"ముందు పాడు."

పాడింది. మొదట గొంతు బెదిరింది, తర్వాత దారిన పడింది. పై స్వరం దగ్గర టీచరు కళ్లు మూసుకుంది. స్వరం చీలలేదు. చిన్నదిగా, శుభ్రంగా, వచ్చి నిలబడింది. వెనక వరుస దాకా వెళ్లి ఉంటుంది కూడా, ఎవరికి తెలుసు.

"నా దగ్గర పాడేటప్పుడు నొప్పిగా ఉంటుందా?" అని అడిగింది టీచరు.

పిల్ల నేల చూపులు చూసింది. "ఉంటుంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు. ముందు కూడా ఉండేది గానీ ఇంత కాదు."

"రెండేళ్లా! నోరు లేదుటే నీకు? నాతో ఒక్కసారి చెప్పొద్దూ?"

"నొప్పి పుడితేనే గొంతు పండుతున్నట్టు లెక్క అని నువ్వే కదత్తా అన్నావు. నాకు పదేళ్లప్పుడు. నొప్పి వచ్చినప్పుడల్లా నేను బాగా పాడుతున్నాననుకునేదాన్ని."

ఆ మాట తను అన్నట్టే టీచరుకు గుర్తు లేదు. తన గురువు తనతో అన్నది మాత్రం నిన్న విన్నట్టుంది.

టీచరు లేచి, పిల్ల సంచి తీసి చేతిలో పెట్టింది. "సోమవారం దాకా ఈ గుమ్మం ఎక్కకు. రోజూ ఆవిడ దగ్గరికే వెళ్లు. పరీక్షలో ఆవిడ చెప్పినట్టే పాడు."

"నామీద కోపమా?"

"కోపమే. నీమీద కాదు."

"మరి సోమవారం నువ్వు రావా? నువ్వు లేకపోతే నాకు భయం."

"నేనుంటే నువ్వు నాకోసం గట్టిగా పాడతావే తల్లీ. రాను."

పిల్ల ఆమెను కావలించుకుని ఏడ్చింది. టీచరు ఏడవలేదు, ఆమె వంతు పొద్దుననే అయిపోయింది. మెట్లు దిగిపోతున్న చప్పుడు వింటూ నిలబడింది. ఆ గొంతు నిలుస్తుందో లేదో ఇంకా తెలియదు. సోమవారం దాకా మూడు రాత్రులు గడపాలి.

ఐదింటికి చిన్నపిల్లలు ఆరుగురు గోలగోలగా పైకి వచ్చి రెండు వరుసల్లో నిలబడ్డారు. ఎనిమిదేళ్లవాళ్లు, తొమ్మిదేళ్లవాళ్లు. ఆమె కీబోర్డు మీద మొదటి మెట్టు నొక్కగానే ఆరు కడుపులు బిగుసుకున్నాయి, ఆరు మెడల మీద నరాలు లేచాయి, గది దద్దరిల్లింది. కింద టైలరు రేడియో కట్టేశాడు.

"ఆపండి" అంది టీచరు.

ఆపారు. ఏం తప్పు చేశామా అని ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు.

"పాడేటప్పుడు గొంతు ఎవరికి నొప్పి పుడుతోందో చేతులెత్తండమ్మా."

ఆరుగురూ చేతులెత్తారు. అందరికన్నా చిన్నది, ముందు వరుసలోది, మెచ్చుకోలు కోసం రెండు చేతులూ ఎత్తింది.