మున్నీ కంట్లో తెల్ల చుక్కలు

మా స్టూడియోలో పనిచేసే భూషణానికో జబ్బుంది. ఫోటోలో తెల్ల చుక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. సన్న కుంచె తీసి, నాలిక మీద తడిపి, నల్లరంగులో ముంచి అద్దేస్తాడు. బందరులో పెళ్ళిచూపులకి వెళ్ళిన ఫోటోల్లో సగం మా స్టూడియోవే. ఆ పిల్లల మొహాల మీద స్ఫోటకం మచ్చలు లేవంటే అది భూషణం చలవే. "కాంతారావు గారి దగ్గర దిగితే కాకి కూడా హంసైపోద్ది" అనేవారు జనం. నేనూ మురిసిపోయేవాణ్ణి, అబద్ధమెందుకు!

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏటి సంగతి. మా స్టూడియోకి ఎదురింట్లో కాలేషా ఉండేవాడు. గిల్టు నగల పని. నన్ను మావయ్యా అని పిలిచేవాడు. వాడి కూతురు మున్నీకి ఎనిమిదేళ్ళు. పొద్దున్నే మోకాళ్ళు వాచి బిగుసుకుపోయేవి, మంచం దిగాలంటే పిల్ల ఏడ్చేది. "పసిదానికి కీళ్ళవాతమేమిటి, చోద్యం కాకపోతే!" అని వీధంతా ముక్కున వేలేసుకుంది. గుడివాడలో పిల్లల డాక్టరు మాత్రలిచ్చాక కాస్త నయమనిపించింది. కానీ ఆయన అంతటితో వదల్లేదు, అక్కడే ఉన్న కంటి డాక్టరు సరోజిని గారి దగ్గరికి పంపించాడు.

"మోకాళ్ళు నొప్పెడితే కళ్ళు చూడటమేంటి మావయ్యా? దానికి సూదిలో దారం ఎక్కించేంత చూపుంది" అని గొణిగాడు కాలేషా. నేనూ తలూపాను. మనకి తెలిసి ఏడిస్తే కదా!

సరోజిని గారు వాడికి విడమర్చి చెప్పారు. ఈ జబ్బు చప్పుడు చెయ్యకుండా కంట్లోకి దూరుతుందిట. నొప్పుండదు, ఎరుపుండదు, తెలిసేసరికి చూపు పోతుందిట. చేతికి పసుపురంగు మందు సూది వేసి, అది కంటి లోపలి రక్తనాళాల్లో పారుతుండగా ఫోటోలు తీస్తారు. నాళాలు బాగుంటే మందు వాటిల్లోనే ఉంటుంది. చెడితే బయటికి కారి, ఫోటోలో తెల్ల చుక్కలై కనిపిస్తుంది. ఆ కెమెరా మద్రాసు నుంచి వారం రోజులకని తెప్పించారు. ఇంటికొచ్చాక పిల్లకి ఒంటేలు పచ్చగా వచ్చిందని వాళ్ళమ్మ హఫీజా కామెర్లనుకుని వీధి వీధంతా ఏకం చేసింది, అది వేరే సంగతి.

రీలు మద్రాసు పంపితే ఆలస్యమవుతుందని, డాక్టరు గారు కాలేషా చేతికే ఇచ్చి నా దగ్గరికి పంపించారు. పెళ్ళిళ్ళ రోజులు, ఒకటే పని. గబగబా కడిగేసి, ప్రింట్లు వేసి బల్ల మీద పడేశాను. భూషణం కవర్లో పెట్టి కాలేషాకి ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం కాలేషా గుడివాడ నుంచి తిరిగొస్తూనే హల్వా పొట్లంతో స్టూడియోలో దిగాడు. మొహం మతాబాలా ఉంది. "ఒక్క చుక్క లేదంట మావయ్యా! ఇవే మాత్రలు వాడుతూ ఆర్నెల్ల తర్వాత రమ్మన్నారు" అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ముగ్గురం హల్వా తింటున్నాం.

"చుక్కలెలా ఉంటాయి? అన్నీ నేను అద్దేశాగా" అన్నాడు భూషణం, వేళ్ళు నాక్కుంటూ.

హల్వా నా గొంతులో అడ్డం పడింది.

"ఏం అద్దావురా?"

"తెల్ల చుక్కలండీ. కాస్త ఎక్కువే ఉన్నాయి. ఒక్కటి కూడా తెలీకుండా..."

"నీ చెయ్యి పడిపోనూ! అది పెళ్ళికూతురి మొహమనుకున్నావట్రా, వెధవా? పిల్ల కన్ను!"

భూషణం మొహం పాలిపోయింది. ఏ ఫోటోలో, ఎక్కడెక్కడ అద్దాడో వాడికే గుర్తులేదు. కాలేషా బెంచీ మీద కూలబడ్డాడు. "మరి మందు కారుతున్నట్టేనా? ఆర్నెల్లు అలాగే ఊరుకునేవాణ్ణి కదా మావయ్యా! నా బిడ్డ గుడ్డిదైపోయేది కదా!" అని నెత్తి బాదుకున్నాడు.

వాడి చెయ్యి పట్టుకుని లేపాను. "ఒరే, ఇలా విను. నెగటివ్ నా దగ్గరే ఉంది, దాని మీద ఎవడూ కుంచె పెట్టలేదు. దాన్ని నీళ్ళతో శుభ్రంగా కడిగి మళ్ళీ ప్రింటు వేస్తాను. చుక్క పిల్ల కంట్లోదైతే ఎంత కడిగినా పోదు. నెగటివ్ మీద దుమ్ము పడ్డా ప్రింటులో తెల్ల చుక్కే వస్తుంది, అదైతే కడిగితే పోతుంది."

ఆ మాట ధైర్యంగానే అన్నాను గానీ, లోపల నాకే నమ్మకం చాల్లేదు. నెగటివ్ కడిగి ఆరేసి, అది ఆరేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కాలేషాని చీకటి గదిలోకి తీసుకెళ్ళాను. వాడి బిడ్డ, వాడే చూసుకోవాలి. ఎర్ర లైటు కింద కాగితం మందులో వేసి ఊపుతున్నాను. ముందు పెద్ద నాళాలు తేలాయి, తర్వాత సన్నవి. కాలేషా పెదాలు కదుల్తున్నాయి, దువా చేసుకుంటున్నాడు. ఇద్దరం తొట్టిలోకి వంగి వెతికాం. ఒక్క చుక్క లేదు. రెండోది వేశాను, మూడోది వేశాను. రీలంతా వేశాను. ఎందులోనూ లేదు.

"పోయాయా మావయ్యా?"

"పోయాయిరా. కానీ నా మాట కాదు, డాక్టరమ్మ చెప్పాలి."

ప్రింట్లు సరిగ్గా ఆరకుండానే సాయంత్రం పాసింజరెక్కాం. గుడివాడ దాకా అవి కాలేషా ఒళ్ళోనే ఆరాయి. డాక్టరు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను తిట్టిన తిట్లు మా నాన్న కూడా తిట్టలేదు. తర్వాత భూతద్దం పెట్టి ఒక్కో ప్రింటూ, నెగటివ్‌లూ వెలుతురుకి ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు.

"బాగున్నాయి" అన్నారు చివరికి. "ఎక్కడా కారట్లేదు. మరి ఆ చుక్కలెక్కడివండీ?"

"దుమ్మండీ. మా స్టూడియో దుమ్ము. ఊడ్చి ఎన్నాళ్ళైందో ఏమో!" అన్నాను. ఎవరైనా వింటే పొగుడుకుంటున్నాననుకుంటారు, అంత సంబరంగా అన్నాను.

కాలేషా నా చొక్కా పట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఇంకోసారి చెప్పు మావయ్యా."

"దుమ్మేరా నాయనా. వట్టి దుమ్ము."