ఆకుపచ్చ తిరిగేదాకా

మా ఆయన క్రోమియం పూత వేసే కార్ఖానాలో మేస్త్రీ. తొట్టిలో ముంచి తీసిన కుళాయి అద్దంలా మెరవాలి, లేకపోతే ఆ పూట పనివాళ్లకి చీవాట్లే. మొండితనంలో ఆయన్ని మించినవాడు ఇంకా పుట్టలేదు.

షుగరు బయటపడి ఆరు నెలలైంది. మాత్రలు వేసుకుంటున్నారనే అనుకున్నాను. మొన్న దిండు గలీబు ఉతకబోతే నెత్తురు మరక కనిపించింది. నిలదీస్తే అసలు సంగతి కక్కారు.

"ముక్కులోంచి కాస్త కారింది, అంతే. మాత్రలు మానేశానులే. దాల్చినచెక్క, క్రోమియం కలిస్తే షుగరు దిగుతుందట, ఫోన్లో చూశాను. పొద్దున్నే రెండు చెంచాల దాల్చినచెక్క పొడి మింగుతున్నా."

"మరి క్రోమియం?"

"పిచ్చిదానా, రోజంతా ఆ ఆవిరిలోనేగా నా బతుకు! మాస్కు తీసేశా. జనం కొనుక్కుని మింగేది నాకు ఊరికే దొరుకుతోంది."

పైగా అదొక గొప్ప! ఆయన్ని చూసి కింద పనిచేసే నలుగురూ మాస్కులు తీసి పారేశారట. నాకు ఒళ్లు మండిపోయింది.

పోరి పోరి రక్తపరీక్ష చేయిస్తే షుగరు మూడువందల పది వచ్చింది. మాత్రలు రాసిచ్చిన డాక్టరమ్మ దగ్గరికి రమ్మంటే రానన్నారు. రిపోర్టు పట్టుకుని నేనే వెళ్లాను.

"ఇలాగే వదిలేస్తే కళ్లు, కిడ్నీలు పోతాయమ్మా" అందావిడ. ముక్కు సంగతి చెప్పగానే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "తిండిలో క్రోమియం వేరు, తొట్టిలోది వేరు. ఇంటిపేరు ఒకటే, అంతే. తొట్టిలోది ముక్కు లోపలి గోడకి చిల్లు పెడుతుంది, ఊపిరితిత్తుల్లో క్యాన్సరు తెస్తుంది. దాల్చినచెక్క కూరలో చిటికెడు వేసుకుంటే కాదనను. చెంచాలకి చెంచాలు మింగితే కాలేయానికి దెబ్బ. మాత్రకి బదులు మాత్రం ఏదీ కాదు."

అటునుంచి అటే కార్ఖానాకి బయల్దేరాను. ఈ మనిషికి ఏమన్నా అయితే నేనెలా బతకను అని దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

కార్ఖానా వెనకవైపు, పూత తొట్టి నీళ్లు చేరే మురుగు తొట్టి దగ్గర ఆయన ఒక పనివాడి మీద విరుచుకుపడుతున్నారు.

"కళ్లు కనపడట్లేదా? నీళ్లు ఇంకా పసుపుగానే ఉన్నాయి. మందు వెయ్యి. ఆకుపచ్చ తిరగాలి, అడుగున మడ్డి దిగాలి, అప్పుడు గానీ కాలవలోకి వదలకూడదు."

"పసుపుగా ఉండగానే వదిలితే ఏమవుతుందండీ?" అన్నాను వెనకనుంచి.

ఉలిక్కిపడి తిరిగారు. "ఏమవుతుందేంటి, విషం! చేపలన్నీ చస్తాయి. మందు పడితేనే విరుగుతుంది. అయినా నువ్వెందుకొచ్చావు?"

"విరగని దాని ఆవిరేగా మీరు పీల్చేది? కాలవలోకి వదలడానికి చేతులు రాని విషాన్ని మీ ముక్కులోకి ఎలా వదులుకున్నారు?"

ఆయన నా చేతిలో రిపోర్టు తీసుకుని అంకె చూశారు. మెల్లగా ముక్కు తడుముకున్నారు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మకి చూపించాం. ముక్కులో పుండే తప్ప చిల్లు పడలేదు, మానుతుందంది. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు మాత్రం నమ్మకం చాలక ఆయన వెనకే కార్ఖానాకి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. మాస్కు కట్టుకుని, నలుగురినీ పిలిచి వరసగా నిలబెట్టారు. చీవాట్లనుకుని వాళ్లు తలలు దించుకున్నారు.

"మాస్కులు పెట్టుకోండి. నాది తప్పు" అన్నారు.

పాతికేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు.