సింకు మీది కిటికీ

అదిగో, గోనెపట్టాలు విప్పేస్తున్నాడు ముసలాయన, అంటే చలికాలం పోయినట్టే, సందు అవతల ఉండే ఆ ఇటలీ తాత తన అంజూరపు చెట్టుకి చలి మొదలవగానే గోనె చుట్టి ఏప్రిల్‌లో విప్పుతాడు, బాల్టిమోర్‌లో ఏ రుతువు ఎప్పుడు వస్తుందో శశికళకి తెలిసింది సింకు మీది ఈ కిటికీలోంచే, నాలుగు రోజులు పోతే చిగుళ్ళొస్తాయి, చూడ్డానికి కిటికీ ఉంటే కదా, పెరట్లో కాంట్రాక్టర్ వాల్ట్ సమ్మెటా గునపమూ దింపుతున్నాడు, ఈ కిటికీ కింద గోడ కొట్టేసి, ఆనక కిటికీ ఊడబెరికి, అక్కడే పెరట్లో కట్టే కొత్త గదిలోకి గుమ్మం పెడతారట, ఇంజనీరు మొగుడాయె, శ్యామ్‌సుందర్ భోజనాల బల్ల మీద స్కేలు పెట్టి ప్లాను తనే గీసుకున్నాడు, టైల్స్ ఏ రంగు వేద్దాం శశీ అని మాత్రం అడిగాడు, ఆకుపచ్చ అంది, అంతే, ఈ గది గురించి తనని అడిగిందీ తను చెప్పిందీ.

గది అక్కర్లేదని ఏ నోటితో అంటుంది, పిల్లలిద్దరూ ఒకే మంచం మీద తన్నుకుంటున్నారు, కొన్నాళ్ళుండి వెళ్దామని వచ్చిన అత్తగారు రత్నమ్మ ముందు గదిలో సోఫా మీద ముడుచుకుని పడుకుంటోంది, ఎప్పటిదో పాతకాలపు రో హౌస్, ఈ పక్క గోడ ఈ పక్కవాళ్ళది, ఆ పక్క గోడ ఆ పక్కవాళ్ళది, వెలుతురు రావాలంటే ముందునుంచి రావాలి, లేదా వెనకనుంచి రావాలి, ముందువైపు పాలరాతి మెట్లూ ఎర్ర ఇటుకా చరిత్రట, హిస్టారిక్ కమిటీవాళ్ళు తలుపు రంగు కూడా మార్చనివ్వరు, వెనక ఏం పడగొట్టుకున్నా అడిగే నాథుడు లేడు, వీధిలోకి కనబడేదే చరిత్ర కాబోలు, అంట్లు తోముకునే చోటుకి చరిత్రేమిటి అని ఒళ్ళు మండిపోయింది శశికళకి, ఇకమీదట వంటిల్లు ఇంటికి నట్టనడుమ చిక్కుకుపోతుంది, పట్టపగలు ట్యూబ్‌లైటు వేసుకుని బియ్యం కడుక్కోవాలి, గొంతులోకి పుల్లగా ఏదో ఎగదన్నింది, ఇది దిగులు కాదు, వేవిళ్ళు, మూడోసారి, ఇంకా ఎవరికీ చెప్పలేదు, చిన్నది కూడా బడికి పోతోంది కదా, సెప్టెంబరులో లాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని ఎంత ఆశపడింది, చెబితే కోర్సు గోవిందా, చెప్పకపోతే కిటికీ గోవిందా, ఎందుకంటే చెప్పిన మరుక్షణం అత్తగారు ఇటుక కదపనివ్వదు, కడుపుతో ఉన్న మనిషి తిరిగే ఇంట్లో గోడ కొట్టకూడదు, పునాది తవ్వకూడదు, ఆవిడ చెల్లెలి కోడలికి నెల తప్పిందని తెలిసి సగం లేచిన మేడని అలాగే ఆపించేశారట, మొన్న కాఫీ తాగుతూ ఆవిడే చెప్పింది.

వాల్ట్ అద్దం మీద వేలితో తట్టాడు, ఆ కుండీ తీసేయండి మేడమ్ అన్నాడు, కొత్తిమీర కుండీ తీసి పొయ్యి పక్కన పెట్టింది, ఎంత బుద్ధిమంతురాలో, తీయమంటే తీస్తుంది, దెబ్బ పడింది, గోడకున్న సున్నం పెళ్ళలూడి బియ్యంలో పడ్డాయి, రెండో దెబ్బకి సమ్మెట పైకి లేచింది, అత్తయ్యా నాకు నెల తప్పింది అని ఎవరో గట్టిగా అన్నారు, అన్నది తనే.

సగం అల్లిన జడతో పరుగెత్తుకొచ్చింది రత్నమ్మ, ఆపమను శ్యామూ, ముందా సుత్తి దింపమను వాణ్ణి అంది, ఇది అమెరికా అమ్మా అంటూనే శ్యామ్‌సుందర్ మొహం చాటంతైంది, స్టాప్ వాల్ట్ అని కేకేశాడు, మరి చెప్పవేం శశీ, నిజమేనా, అన్నాడు, వాల్ట్ టోపీ తీసి కంగ్రాచ్యులేషన్స్ చెప్పి సామాను ట్రక్కులో వేసుకుని వెళ్ళిపోయాడు, హమ్మయ్య అనుకుంది, అలా అనుకుంటూండగానే చెవి వెనకనుంచి పెన్సిల్ తీశాడు మొగుడు, అయితే ఒక్క గదేం సరిపోతుంది, డెలివరీ అయ్యాక మొదలుపెడదాం, పైన ఇంకోటి కూడా లేపుదాం అంటూ గీయడం మొదలుపెట్టాడు, గుమ్మం మళ్ళీ అక్కడే, ఇటు అత్తగారేమో నిలబడకు, కూచో, ఆ బియ్యం నేను కడుగుతాలే, ఇక బరువులెత్తకు, బస్సులెక్కకు, చదువూ గిదువూ తర్వాత చూసుకోవచ్చు అంటూ కుర్చీ లాగింది.

కూచుంది, కూచుంటే అంజూరపు చెట్టు కనబడదు, ఆకాశం ముక్క ఒకటి కనబడుతుంది, కోర్సు పోయింది, కిటికీ మాత్రం దక్కిందా, పురుడొచ్చేదాకా గడువు దొరికింది, అంతేగా, ఏడుపొచ్చింది, ఎవరిమీద ఏడవాలి, అత్తగారి పట్టింపుని అడ్డం పెట్టింది, ఇంకా కళ్ళయినా తెరవని కడుపులో బిడ్డని అడ్డం పెట్టింది, నాకీ కిటికీ కావాలండీ అన్న ముక్క మాత్రం ఈ ఇంట్లో ఎవరితోనూ అనలేదు, వద్దన్నవాళ్ళెవరూ లేరు, ఆకుపచ్చ అని చెప్పిన ఆ పూటే, ఆ నోటితోనే అనుండొచ్చు, తను అడగనేలేదు.