రూతు స్టేషను

కంకిపాడు బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే ఏసుపాదానికి తన చేతి మీద తనకి గొప్ప నమ్మకం. ఊళ్ళో ఇంకెవరికైనా ఆ నమ్మకం ఉందా అంటే, ఇంకో మెకానిక్ లేడు కాబట్టి ఆ సంగతి తేలలేదు. మూగబోయిన సెట్టుని అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టి, లోపల ఒకటి రెండు వైర్లు అతికి, విజయవాడ కేంద్రాన్ని పలికించేవాడు. నిజానికి సగం సెట్లు ఆ దెబ్బలకే పలికేవి. అతుకులు మాత్రం, సెట్టు తెచ్చినవాళ్ళ తృప్తి కోసం వేసేవాడు.

అలాంటివాడు కూతురి విషయంలో మాత్రం ఏడాదిపాటు పప్పులో కాలేశాడు. పన్నెండేళ్ళ రూతు బడిలో ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయేది. మొదటిసారి "ఎండదెబ్బ" అన్నాడు. వానాకాలంలో పడితే "నీరసం" అన్నాడు. పరీక్షల ముందు పడితే, "చదువెగ్గొట్టే ఎత్తు" అని కసిరాడు. చివరికి భార్య సంపూర్ణమ్మే పిల్లనీ, అతన్నీ వెంటబెట్టుకుని బెజవాడ వెళ్ళి డాక్టరుకి చూపించింది. నాడి నిమిషానికి ముప్ఫై ఆరు సార్లే కొట్టుకుంటోందనీ, గుండెలో పై గదుల నుంచి కింది గదులకి కబురు అందడం లేదనీ తేలింది.

"అంటే లోపల వైరు తెగిందన్నమాట" అన్నాడు ఏసుపాదం.

డాక్టరు కాదనలేదు.

పందొమ్మిది వందల డెబ్భై నాలుగు వేసవిలో మద్రాసు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, రూతు ఎడమ పక్కటెముకల కింద, పొట్ట చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. సబ్బుబిళ్ళంత పెట్టె, అందులోంచి గుండెకి సన్నని తీగ. అది నిమిషానికి డెబ్భై సార్లు గుండెని తట్టి నడిపిస్తుంది. బ్యాటరీ రెండేళ్ళు వస్తే గొప్ప అన్నారు. రోజూ నాడి చూడాలి. డెబ్భైకి నాలుగైదు తగ్గినా సరే, వెంటనే బయలుదేరి రావాలి.

కాని కూతురి మణికట్టు పట్టుకుంటే ఏసుపాదం వేళ్ళు వణికేవి. ఒకరోజు నూట పది వచ్చేది, మర్నాడు యాభై.

"నువ్వు బొటనవేలు పెడుతున్నావు నాన్నా. అది నీ నాడి" అనేది రూతు.

వారం తిరక్కుండానే సంపూర్ణమ్మ ఆ ఉద్యోగం నుంచి అతన్ని తప్పించింది.

సెలవుల్లో రూతు కొట్లో కూర్చునేది. పునాదిపాడు రైతు వెంకటసుబ్బారావు గారు ముల్లు తిరగడం లేదని ఒక ట్రాన్సిస్టర్ ఇచ్చి వెళ్ళారు. ఏసుపాదం ముల్లు తిప్పే దారం మార్చి, వినమని కూతురి చేతికిచ్చాడు. రూతు సెట్టుని ఒళ్ళో పెట్టుకుని, పొట్టకి ఆనించి ముల్లు తిప్పింది. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య టక్, టక్, టక్ మని చప్పుడు.

ఏసుపాదం సెట్టు విప్పి కండెన్సరు మార్చాడు. బల్ల మీద పెడితే నిక్షేపంగా పాడింది. రూతు ఒళ్ళోకి వెళ్ళగానే మళ్ళీ టక్ టక్. స్పీకరు మార్చాడు. నాలుగు దెబ్బలూ కొట్టాడు. తగ్గలేదు. మూడోరోజు సుబ్బారావు గారు వచ్చి, బల్ల దగ్గరున్న రూతు ఒళ్ళోని సెట్టులోంచి ఆ చప్పుడు విన్నారు.

"ఏమయ్యా, ముల్లు బాగుచెయ్యమంటే గడియారం చేశావేంటి?"

"మీ సెట్టు తప్పు కాదండీ. ఎదురుగా రైసుమిల్లు మోటారుంది చూశారూ, దాని పని" అన్నాడు ఏసుపాదం, అంతకు ముందు క్షణం దాకా తనకే తెలియని సంగతిని.

అనడమే కాదు, వెళ్ళి మిల్లువాళ్ళని బతిమాలి మోటారు ఐదు నిమిషాలు ఆపించాడు. పనివాళ్ళూ, ధాన్యం తెచ్చిన రైతులూ వింత చూడ్డానికి కొట్టు ముందు చేరారు. అంత నిశ్శబ్దంలో చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది. టక్, టక్, టక్.

రూతు ఎందుకో తన మణికట్టు పట్టుకుంది. కాసేపు తల వంచుకుని విని, సెట్టుని దూరంగా జరిపింది. చప్పుడు పోయింది. మళ్ళీ పొట్టకి ఆనించింది. వచ్చింది.

"నాన్నా, ఇది మోటారు కాదు. నేను" అంది.

కన్నకూతురి గుండెని నడిపే చప్పుడిని రేడియో జబ్బనుకుని మూడు రోజులు రిపేరు చేసిన మొనగాడు జిల్లాలో ఇంకొకడుండడు. జనం నవ్వుతున్నారు. సుబ్బారావు గారు మాత్రం నవ్వలేదు.

"పిల్లది బాగానే ఉందిగా?" అన్నారు మెల్లగా.

"ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు ఏసుపాదం. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. సరిగ్గా డెబ్భై. రేడియోకి వేళ్ళు లేవు, వణకవు.

ఆ రోజు నుంచి పొద్దున్నే కాఫీకంటే ముందు రేడియోతో లెక్క. తానొక కొత్త విద్య కనిపెట్టానని చర్చిలో పాస్టరుగారికీ, బస్సు కండక్టర్లకీ, వినే ఓపిక ఉన్న ప్రతివాళ్ళకీ చెప్పాడు.

ఏడాదీ ఎనిమిది నెలలకి ఒకరోజు అరవై ఆరు వచ్చింది. గోడ గడియారం తప్పన్నాడు. పక్క కొట్టతని చేతిగడియారం తెచ్చాడు. అరవై ఆరు. పోస్టాఫీసు గడియారం కోసం చెప్పులేసుకుంటుంటే సంపూర్ణమ్మ అడ్డం నిలబడింది.

"గడియారాలు మార్చింది చాలు. రైలు టైమెప్పుడో కనుక్కోండి."

మద్రాసులో మర్నాడే పెట్టె మార్చారు. సరైన సమయానికి వచ్చారని డాక్టరుగారు మెచ్చుకుంటే ఏసుపాదం పొంగిపోయి, తన కొత్త విద్య గురించి ఆదీ అంతమూ లేకుండా చెప్పాడు. ఆయన శాంతంగా విన్నారు.

"అది మేమందరికీ చెప్పేదేనండీ. పోయినసారి మీకిచ్చిన పుస్తకంలో పదకొండో పేజీలో బొమ్మతో సహా ఉంది. చూళ్ళేదా?"

ఆ పుస్తకం ఇంట్లో బైబిలు పక్కన, తెల్లగుడ్డలో, విప్పని మూటగా భద్రంగా ఉంది.

ఆ మధ్యాహ్నం పక్క మంచం దగ్గర ఒక రైతు తలపట్టుకుని కూర్చున్నాడు. పేరు జక్కయ్య, కైకలూరు వైపు. అతని ఏడేళ్ళ కూతురు అమలకీ అదే పెట్టె.

"నాడి చూడమంటున్నారండీ. మట్టి పిసికిన వేళ్ళు, నాకేం తెలుస్తాది?" అన్నాడు.

ఏసుపాదం గొంతు సవరించుకుని లేచాడు. వెంట తెచ్చుకున్న రేడియో తీసి, పెట్టె ఎక్కడుందో, ముల్లుని ఏ స్టేషనూ రానిచోట ఎలా నిలపాలో, విద్యుత్తుతో మొదలుపెట్టి పావుగంట వివరించి, సెట్టుని పిల్ల పొట్ట దగ్గర పెట్టాడు. ఏ చప్పుడూ లేదు. జక్కయ్య మొహం పాలిపోయింది. ఏసుపాదం అలవాటుగా సెట్టుని కొట్టడానికి అరచెయ్యి ఎత్తాడు.

"నాన్నా, స్విచ్చి వెయ్యలేదు" అంది రూతు పడుకునే.

వేశాడు. టక్, టక్, టక్.

జక్కయ్య పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం మొదలెట్టాడు. నలభై మూడు దగ్గర కూతురి వంక చూసి లెక్క తప్పాడు.

"ఫర్వాలేదండీ, మళ్ళీ ఒకటి నుంచి" అన్నాడు ఏసుపాదం. ఈసారి ఇద్దరూ కలిసి పైకే లెక్కపెట్టారు.